ఆటకు కుదిరిన జీతగాడు

మొన్న ఆదివారం పొద్దున నాగర్‌కర్నూల్ కాలేజీ మైదానం పక్కన చెరుకురసం బండి దగ్గర కూర్చున్నాను. డాక్టరు రోజూ నడవమన్నాడు గనుక అక్కడిదాకా నడిచి, మిగతా నడకను ఆట చూడడంతో సరిపెట్టుకోవడం నాకు అలవాటు. ఆ రోజు బ్యాటింగ్ చేస్తున్న ఇద్దరిలో ఒకడు ఊళ్లో పెద్ద కాంట్రాక్టరు కొడుకు. ఆ జట్టు బ్యాట్లూ బంతులూ, అందరి ఒంటి మీది రంగు చొక్కాలూ వాళ్ల నాన్న కొనిచ్చినవేనట. రెండోవాడు బస్టాండు ముందు పంక్చర్లు వేసే అతని కొడుకు. కాంట్రాక్టరు కొడుకు బంతిని కొట్టి పరుగుకు బయలుదేరితే, పంక్చర్లవాళ్ల పిల్లవాడు ఉన్నచోటు నుంచి కదలకుండా చెయ్యెత్తి, "రాకు, వాపస్ పో" అని గట్టిగా అరిచాడు. వెనక్కి మళ్లేలోగా అటు వికెట్లు పడిపోయాయి. కాంట్రాక్టరు కొడుకు నాలుగు తిట్లు తిట్టి బయటికి పోయాడు, ఇంకొకడు వచ్చాడు, ఆట సాగింది. ఇంతే జరిగింది. చేతిలో గ్లాసు ఉన్న సంగతే మరిచి ముందుకు వంగాను, సగం రసం పంచె మీద ఒలికింది. బండి అతను ముసలితనం అనుకొని గుడ్డ అందించాడు. నాకు మా బావ యాదికొచ్చాడు.

బావ అంటే మా అక్క భర్త. మా ఊరు తెలకపల్లి దాటి రెండు కోసుల దూరం, అంతా చెల్కలు, వాన పడితే జొన్న, పడకపోతే ఆకాశం. ఊరి దొరకు ఎడ్లకు ఒక జీతగాడు, గొర్లకు ఒక జీతగాడు, మామిడితోటకు ఒక జీతగాడు ఉండేవారు. జీతగాడంటే మన ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు గానీ ఈ కాలంవాళ్ల కోసం చెబుతున్నాను, ఉగాదికి కుదిరి మళ్లీ ఉగాది దాకా దొర ఇంట పనిచేసేవాడు. వీళ్లందరితోపాటు మా దొరకు క్రికెట్ ఆటకు కూడా ఒక జీతగాడు ఉండేవాడు. నవ్వకండి, నిజం. ఆ జీతగాడే మా బావ.

దొర పట్నంలో చదువుకునే రోజుల్లో ఆ ఆట నేర్చుకున్నాడు. చదువును అక్కడే వదిలేసి ఆటను మాత్రం ఊరికి తెచ్చుకున్నాడు. ఒకనాడు గుర్రం మీద పోతూ, జొన్నచేలో మంచె మీద నిలబడి ఒడిసెలతో చిలకలను తోలుతున్న బావను చూశాడు. ఒడిసెల వదిలినప్పుడు బావ భుజం తిరిగే తీరు చూసి గుర్రాన్ని ఆపేశాడట. వారం తిరగకముందే బావ చేతికి ఎర్ర బంతి వచ్చింది, ఆ వచ్చే ఉగాదికి బావ ఆటకు కుదిరాడు. బ్యాటు పట్టడం ఎవరూ నేర్పలేదు, అదే వచ్చింది. ఇప్పుడు టీవీలో ఆల్‌రౌండర్ అంటుంటారే, ఆ మాట మాకు తెలియదు గానీ, దున్నేదీ విత్తేదీ కోసేదీ ఒక్కడే అయినట్టు మా జట్టులో బంతి వేసేదీ, పరుగులు తీసేదీ, అడ్డంపడి క్యాచ్ పట్టేదీ బావే. దొర ఆ జట్టును ఎడ్లబండ్ల మీద వనపర్తికీ గద్వాలకూ కొల్లాపురానికీ తిప్పేవాడు. నేను ఉర్దూ బడిలో ఏడు దాకా చదివి దొర దగ్గర కాగితాలు రాసే పనిలో ఉండేవాణ్ని. పదకొండు మంది పూర్తి కావాలని నన్నూ నిలబెట్టేవారు. నా ఆట గురించి అంతకంటే చెప్పేదేమీ లేదు.

దొర ఆటకు కొన్ని పద్ధతులుండేవి. ఎక్కడా రాసిపెట్టినవి కావు, అయినా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. దొర మొదటిసారి బౌల్డ్ అయితే లెక్కలోకి రాదు. దొర లేచి నిలబడితే ఆటలో ఉన్నవాళ్లం ఎక్కడివాళ్లం అక్కడ ఆగిపోవాలి, అది మైదానమైనా సరే, దొర ఉండే గడి వాకిలైనా సరే. అన్నిటికంటే పెద్ద పద్ధతి పరుగు తీసేటప్పటిది. దొర భారీ మనిషి, సగం దూరం పోయేసరికి ఆయాసపడేవాడు. ఇద్దరూ మధ్యలో చిక్కుకుంటే, బంతి వచ్చిపడే వికెట్లకు ఎవరు దగ్గరగా ఉంటే వాళ్లు అవుటవుతారు గదా. అప్పుడు బావ గిరుక్కున తిరిగి, దొరను దాటుకొని, బంతి వచ్చే వైపుకు తానే ఉరికి, తానే అవుటయ్యేవాడు. దాన్ని మేం "అడ్డంపోవుడు" అనేవాళ్లం. ఎన్ని ఊళ్లలో, ఎన్ని మంచి ఆటలు బావ అట్లా మధ్యలోనే వదులుకొని వచ్చాడో నాకు గుర్తు లేదు. వచ్చి నవ్వుకుంటూ నీళ్లు తాగేవాడు, దొర భుజం తట్టేవాడు. దొర చెడ్డవాడని నేననను. తిండికీ బట్టకూ తక్కువ చేయలేదు. బావ దెబ్బ తగిలించుకుంటే పాలమూరు దవాఖానకు తన బండిలోనే పంపించాడు. కాకపోతే, బావ తన మనిషి కాకుండా పోతాడన్న ఆలోచన ఆయనకు ఎన్నడూ వచ్చి ఉండదు.

అది రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం. పట్నం నుంచి ఒక జట్టు గద్వాలకు వచ్చింది, మా దొరను కూడా పిలిచారు. ఆ జట్టుతో ఒక పెద్దమనిషి వచ్చాడు. పట్నంలో పెద్ద కార్ఖానా ఒకటి ఆటగాళ్లకు కొలువిస్తున్నదనీ, అందుకు మనుషులను ఎంచేది ఆయనేననీ మేం బయలుదేరకముందే మా ఊరిదాకా మాట వచ్చింది. మొదటి పూట బావ ఆరుగురిని అవుట్ చేశాడు. ఆ పెద్దమనిషి బావను పక్కకు పిలిచి, బంతి సంగతి చూశాననీ, సాయంత్రం దాకా వికెట్ పోగొట్టుకోకుండా నిలబడితే తనతో తీసుకుపోతాననీ చెప్పాడు. ఇల్లూ జీతమూ ఉన్న కొలువు. ఉగాది ఉగాదికీ కుదరనక్కరలేని కొలువు. గద్వాలకు బయలుదేరేటప్పుడు మా అక్క మూటలో సద్దిరొట్టెలు కట్టి, నాతో ఒక్కమాటే అన్నది. "తమ్మీ, జర ఆయనెంబడే ఉండు. ఆ సారుకు కండ్లవడేటట్టు జెయ్యి. ఈ గడి ముంగట నా పిల్లలు వంగి నడిచేది నేను సూడలేను."

ఆ రోజు దొర మొదటి బంతికే బౌల్డ్ అయ్యాడు. పట్నం వాళ్ల అంపైర్‌కు మా పద్ధతి తెలియదు, వేలెత్తాడు. దొర ముఖం నల్లబడింది, పోయి డేరా కింద కుర్చీలో కూర్చున్నాడు. బావ మాత్రం ఆ మధ్యాహ్నం ఆడినట్టు మళ్లీ ఎన్నడూ ఆడలేదు. అతనికి ఎదురు వికెట్ దగ్గర ఒకరి తర్వాత ఒకరు పోయారు, నా వంతు వచ్చింది. నా తర్వాత ఇంకా ఇద్దరున్నారు. నేను పోయినా ఏమీ కాదు, బావ నిలబడితే చాలు. అది నాకూ తెలుసు, అతనికీ తెలుసు.

పొద్దు కోట గోడ మీదికి వాలింది, ఇంకో గడియ ఆగితే ఆట అయిపోయేది. బావ బంతిని మెల్లగా పక్కకు తోసి రమ్మని పిలిచాడు. తేలికైన పరుగు. నేను బయలుదేరాను. సగంలో ఉండగా డేరా కింద దొర లేచి నిలబడడం నా కంటపడింది. నా కాళ్లు ఆగిపోయాయి. ఎందుకని అడగకండి, దొర లేచాడు, నేను ఆగాను. తరువాత తెలిసింది, ఆయన దూరంగా ఉన్న పాన్‌డబ్బా అందుకోవడానికి లేచాడట. నన్ను దాటిపోయిన బావ, బంతి నా ముందున్న వికెట్ల వైపు వస్తుండడం చూశాడు. అతడు తిన్నగా తన దారిన పోతే నేను అవుట్, అతడు క్షేమం. పోలేదు. గిరుక్కున తిరిగి, నన్ను దాటుకొని, అడ్డంపోయాడు.

పట్నం పెద్దమనిషి, భుజం మంచిదే గానీ పరుగు దగ్గర బుర్ర పనిచేయదని చెప్పి వెళ్లిపోయాడట. దొర మాత్రం ఆ రాత్రి బావకు తన విస్తరి పక్కనే విస్తరి వేయించాడు. అక్కకు నేను, బావ నన్ను కాపాడబోయి ఆ కొలువు పోగొట్టుకున్నాడని చెప్పాను. అక్క అప్పటి నుంచి నాకు వడ్డించేది, నా ముఖం చూసేది కాదు.

ఆ తరువాత మూడేళ్లకు బావ భుజం జారింది. ఇంకొన్నాళ్లకు రజాకార్ల గొడవలు, ఆపైన దొర పట్నం చేరడం, గడికి తాళం పడడం. పిచ్ మీద పరిచే పీచు పట్టాను గడి సామాన్ల పంపకంలో బావకిచ్చారు, అక్క దాని మీద మిరపకాయలు ఎండబోసేది. వానలు లేని ఏళ్లలో బావ మావాళ్లందరిలాగే ప్రాజెక్టుల మీద మట్టిపనికి పోయాడు. ఆ భుజంతోనే తట్టలు మోశాడు. నేను మాత్రం చదువు పుణ్యాన తాలూకా కచేరీలో గుమాస్తానై నీడపట్టున కూర్చున్నాను. పండగకు పోయినప్పుడల్లా అతని చేతులు చూడలేక తల వంచుకొని తినేవాణ్ని. నా కోసం ఒక మనిషి తన బతుకునిచ్చాడన్న బరువు అది. నిజం చెప్పాలంటే, ఆ బరువులో కొంత గర్వం కూడా ఉండేది.

బావ మంచం పట్టిన ఏడాది, ఒక పగటిపూట అక్క నీళ్లకు పోయినప్పుడు ఎన్నాళ్లుగానో గొంతులో ఉన్న మాట అడిగేశాను, నా కోసం అట్లా ఎందుకు చేశావు బావా అని. అతడు నన్ను వింతగా చూశాడు.

"నీ కోసమా? నిన్ను నేను సూడనే లేదురా బామ్మర్దీ. నడుమ ఎవరో ఆగిండ్రు, కాళ్లు ఆటికవే అడ్డంపోయినయి. గాడ దొర లేడు, నువ్వున్నవని డేరాకాడికొచ్చినంకనే ఎరుకైంది." "మీ అక్కకు మాత్రం చెప్పకు, నీ కోసమే అనుకోనియ్యి" అన్నాడు.

చెప్పలేదు. అక్క కూడా పోయింది, నన్ను క్షమించకుండానే, అతణ్ని గొప్పవాడనుకుంటూ. నా మీద ఉన్న బరువు దిగిందనుకుంటారేమో, దిగలేదు. ప్రేమతో ఇచ్చాడనుకుంటే కనీసం దానికి ఒక అర్థమైనా ఉండేది. ఇన్నేళ్లూ నేను దాచుకున్నది కూడా నాది కాదని తెలిసింది.

ఇప్పుడు గడి లేదు, అక్కడ పల్లీల గోదాం కట్టారు. ఇప్పుడు అందరూ సమానమైపోయారని నేననను, చొక్కాలు కొనిచ్చేవాళ్లు ఇప్పుడూ ఉన్నారు. అయినా ఆ పంక్చర్లవాళ్ల పిల్లవాడు "వాపస్ పో" అని అరిచినప్పుడు అటూ ఇటూ ఎవరి ముఖమూ చూడలేదు, బంతినే చూశాడు. ఆట ముగిశాక అతణ్ని పిలిచి, ఒక గ్లాసు రసం ఇప్పించాను. ఎందుకు తాతా అని అడిగాడు. ఊరికే అన్నాను. మా బావ బతికుండగా "వాపస్ పో" అన్న ఆ ఒక్కమాట అతని నోటి వెంట నేనొక్కసారైనా వినలేదు.