జీడితోటలో ఆగిన కారు

మొన్న మా చెల్లెలి కూతురితో కలిసి ఒక విమానాశ్రయంలో కూర్చున్నాను. మేమెక్కాల్సిన విమానం ఏడు గంటలు ఆలస్యమన్నారు. ఆ పిల్ల క్షణం ఊరికే కూర్చోదు. ఫోన్ తీసి, విమానానికీ విమానానికీ మధ్య ఖాళీ దొరికితే చుట్టుపక్కల ఏమేం చూడొచ్చో గడగడా చదవడం మొదలుపెట్టింది. కొండ మీద గుడి ఉందట, చెరువులో పడవలున్నాయట, గంటన్నర దూరంలో జలపాతం ఉందట. "లే పెద్దమ్మా, ఇక్కడ కూర్చుని ఏం చేస్తాం?" అని చెయ్యి పట్టి లాగింది. నేను కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని కదలనన్నాను. మోకాళ్ళ నొప్పి అని అబద్ధమాడాను. ఇలాంటి ఖాళీనే ఒకప్పుడు నాకూ దొరికింది. ఆ రోజు చూడ్డానికి వెళ్ళి, ఒక మనిషి ముఖం సగం చీలిపోవడం అద్దంలోంచి చూశాను. ఆ పిల్లకి చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

అది జరిగి సుమారు పదేళ్ళు. మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, కూతురి పురుడికని కలకత్తా వెళ్ళి మూడు నెలలుంది. ఆవిణ్ణి వెనక్కి తీసుకురావడానికి నేను వెళ్ళాను. తిరుగు టికెట్లు మా ఆయన కొన్నారు. చవగ్గా దొరికేదాన్ని వదిలిపెట్టే మనిషి కాదాయన. ఉదయం ఏడింటికి విశాఖపట్నంలో దిగాలి, రాత్రి తొమ్మిదింటికి హైదరాబాదు విమానమెక్కాలి. మధ్యలో పద్నాలుగు గంటలు ఏం చెయ్యమంటారని అడిగితే, "సముద్రం ఉందిగా, చూడండి" అన్నారు, అదేదో ఆయనే దగ్గరుండి తవ్వించినట్టు. మాది గుంటూరు వైపు. మా అత్తవారిది నరసన్నపేట పక్కన వరి పండించుకునే పల్లె. వదిన నలభై ఏళ్ళుగా హైదరాబాదులో ఉండి, తన అపార్ట్‌మెంటులో నీళ్ళ మోటారు దగ్గర్నుంచి వాచ్‌మన్ పెళ్ళి దాకా అన్నీ తనే నడిపించే మనిషి. అక్కడి భాషే మాట్లాడేది. అలాంటిది విమానాశ్రయం బయట టాక్సీ అతను తనది నరసన్నపేట అని చెప్పగానే ఆవిడ నాలుక ఒక్కసారిగా పుట్టింటికి వెళ్ళిపోయింది. "నరసన్నపేటేటి? ఏ ఈదిరా మీది? మీ తాత పేరేటి?" అని మొదలుపెట్టి, సామాను డిక్కీలో పెట్టేలోపు ఏదో డొంకతిరుగుడు చుట్టరికం పట్టుకుంది. అప్పట్నుంచి ఆవిడ అత్త, అతను అల్లుడు. నేను మాత్రం అమ్మగారినే.

అతనికి ముప్ఫై ఐదేళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. సొంత కారు. సీటు కవర్ల మీద దుమ్ము కనపడితే తట్టుకోలేడు. ఇద్దరు ఆడపిల్లల ఫొటో అద్దం దగ్గర అంటించుకున్నాడు. "ఇన్ని గంటలు బీచిలో కూకుని ఏటి సేస్తారత్తా? తేలినీలాపురంలో పచ్చుల్ని సూపిస్తాను, సైబీరియా నుంచి వస్తాయంట. ఆనక భావనపాడెల్లి సేపల కూర తిందుము. సీకటి పడకముందే తెచ్చి దింపేస్తాను" అన్నాడు. మార్చి నెల. హైవే మీద మూడు గంటల పైన ప్రయాణం. దారి పొడుగునా వాళ్ళిద్దరూ ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చుకుంటూనే ఉన్నారు. నేను నిద్రపోయాను.

పక్షుల ఊళ్ళో చింతచెట్లు సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయి. పెద్ద పెద్ద ముక్కుల పక్షులు కొమ్మకి పదేసి. ఆ అరుపుల్లో మన మాట మనకి వినపడదు. గూట్లోంచి జారిపడ్డ పిల్లనొకదాన్ని మా కళ్ళముందే కుక్క నోట కరుచుకుని పరుగెత్తింది. ఒక ముసలమ్మ కర్రతో వెంటపడి, అందక, చెట్టు మొదట్లో చతికిలబడి సొంత మనవడు పోయినట్టు ఏడ్చింది. అక్కడ్నుంచి భావనపాడు. అతనికి తెలిసిన ఒక చేపలావిడ మా ఎదుటే కత్తిపీట మీద వంజరం తలకాయ కోసి, గంటలో పులుసు పెట్టింది. చింతపండు, పచ్చిమిరపకాయలు, సముద్రం గాలి. వదిన మూడుసార్లు అన్నం పెట్టించుకుంది. అంతటితో తిరిగి వచ్చేసి ఉంటే ఇది రాయడానికేమీ ఉండేది కాదు.

తిరిగి వెళ్ళేటప్పుడు దారి మార్చి ఉద్దానం తోటలు చూపిస్తానన్నాడు. రోడ్డుకి అటూ ఇటూ కొబ్బరి, పనస, జీడిమామిడి. ఎర్రటి ఇసక. జీడిపళ్ళు అప్పుడప్పుడే పండుతున్నాయి. ఎరుపూ పసుపూ కలిసిన పండు, దాని అడుగున వంకరగా గింజ. నాకు కొత్త ఫోన్ కొనిచ్చారు, మంచి కెమెరా ఉంది. కారాపమన్నాను. అతను ఆపాడు కానీ, "దిగకండమ్మగారూ, ఈ తోటల్లో ఎలుగ్గొడ్లు తిరుగుతాయి" అన్నాడు. పట్టపగలు ఎలుగుబంటేమిటని నేను నవ్వాను. అతనికి మొహమాటం వేసినట్టుంది. "పగలు రావులెండి. అయినా నానే కొమ్మ వంచుతాను, మీరు దూరం నుంచి తీసుకోండి" అని తాళంచెవి కారులోనే ఉంచి దిగాడు. వదిన కూడా కాళ్ళు చాచుకుంటానని రోడ్డు మీదకి దిగింది.

అతను ఇరవై అడుగులు లోపలికి వెళ్ళి కొమ్మ వంచాడు. నేను వెనకాలే వెళ్ళాను. ఫోన్‌లో చూస్తూ, "ఇంకొంచెం కిందికి వంచు బాబూ" అన్నాను. అతని వెనక నల్లగా కాలిన మోడు ఒకటి ఉంది. ఫొటోలో బాగుండదని నేను పక్కకి జరిగాను. ఆ మోడు లేచి నిలబడింది.

మనిషంత ఎత్తు. రొమ్ము మీద తెల్లటి గీత. కుళ్ళిన పనసపండూ తడికుక్కా కలిసినట్టు కంపు. అతను తల తిప్పేసరికి దాని పంజా పడింది. కొబ్బరికాయ పీచు లాగినప్పుడు వచ్చే చప్పుడు వచ్చింది. నెత్తి మీద నుంచి దవడ దాకా చర్మం ఊడి కిందికి వేలాడింది. అతను పడిపోయాడు. అది మీద పడి భుజం కొరికింది. నేను అరిచానో లేదో తెలీదు. పరుగెత్తాను. కారులో డ్రైవరు సీట్లో పడి, తలుపు వేసుకుని మీట నొక్కాను. నాలుగు తలుపులకీ ఒక్కసారి టక్కుమని తాళాలు పడ్డాయి.

ఎలా విడిపించుకున్నాడో, దాని మూతి మీద తన్ని లేచాడు. ఒక చేత్తో ముఖాన్ని పట్టుకుని కారు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. నేనున్న వైపే. పిడి పట్టుకుని లాగాడు. రాలేదు. అద్దానికి అవతల జానెడు దూరంలో అతని ముఖం. ఒక కన్ను లేదు. రెండో కన్ను నన్ను చూస్తోంది. "అమ్మగారూ, తలుపు. తలుపు తియ్యండమ్మగారూ" అన్నాడు. మూడుసార్లు లాగాడు. నా వేలు మీట మీదే ఉంది. భయంతో చెయ్యి కొయ్యబారిపోయిందని తరవాత చాలామందికి చెప్పాను. అది నిజం కాదు. చెయ్యి బాగానే ఉంది, బుర్ర కూడా బాగానే ఉంది. తలుపు తీస్తే అది కూడా లోపలికి వస్తుంది అనుకున్నాను. లెక్కల మేష్టారు బోర్డు మీద రాసినంత స్పష్టంగా అనుకున్నాను. ఈలోగా అది వెనక నుంచి వచ్చి అతని తొడ పట్టుకుని లాగేసింది. అరచెయ్యి అద్దం మీద రక్తంతో పైనుంచి కిందికి జారింది.

అప్పుడు వదిన వచ్చింది. అరవై ఏళ్ళ మనిషి, మెట్లెక్కడానికే గోడ పట్టుకుంటుంది. రోడ్డు పక్కన పడున్న ఎండు కొబ్బరిమట్ట రెండు చేతులా ఎత్తి దాని మూతి మీద బాదింది. "ఒగ్గు! ఒగ్గుతావా లేదా, నీ అమ్మ కడుపు మాడ! ఓలమ్మో, బేగి రండ్రా, సంపేస్తన్నాది!" అది తిరిగి ఆవిడ ముంజేతిని గీరింది. చీర చిరిగింది, చెయ్యి చీరుకుపోయింది. ఆవిడ మట్ట వదల్లేదు. అది కారు వైపు తూలింది. నేను భయపడి వెనక్కి ముడుచుకున్నాను. మోచెయ్యి హారన్ మీద పడింది. ఆ మోతకి అది బెదిరి రెండడుగులు వెనక్కి వేసింది. అది చూశాక రెండు చేతులతో హారన్ నొక్కి పట్టాను. కొబ్బరితోటల్లోంచి మగవాళ్ళు గొడ్డళ్ళు, గునపాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చేదాకా వదల్లేదు. అది తోటలోకి పారిపోయింది. అప్పుడు తలుపులు తీశాను.

వాళ్ళలో కొందరు అతన్ని ఎత్తి కారు వెనక సీట్లో పడుకోబెట్టారు. కారు నడపగలిగినవాడి కోసం మరొకడు పరుగెత్తాడు. మిగిలినవాళ్ళు ఎలుగు వెంట పడ్డారు. మొగలి పొదల కంచె అడ్డొచ్చి దానికి దారి దొరకలేదు. నేను కారులోంచే చూశాను. పదిమంది చుట్టూ చేరి కొట్టారు. మొదట గాండ్రించింది. తరవాత దాని గొంతు మనిషి గొంతులా మారింది. దెబ్బ పడ్డప్పుడల్లా ముందుకాళ్ళతో తల కప్పుకుంటోంది. అరుపు ఆగిపోయాక కూడా కొట్టారు. ఒకాయన గొడ్డలి ఇసకలో తుడుచుకుంటూ వచ్చి, "పిల్లతల్లమ్మా. పిల్ల ఆ సెట్టు మీదున్నాది. అందుకే ఎగబడినాది" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. అంతకుముందు నెల ఆయన తమ్ముణ్ణి ఇలాంటిదే చీల్చేసిందని పక్కవాడు చెప్పాడు. నీళ్ళు ఎవరి కోసమో నాకు తెలీలేదు.

ఆస్పత్రికి వెళ్ళేదాకా అతని తల వదిన ఒళ్ళోనే ఉంది. తన చీరకొంగు మడతపెట్టి ఊడిన చర్మాన్ని అదిమి పట్టుకుని, "అల్లుడా, నిద్రోకు. మీ పెద్దగుంట ఏ కలాసు రా? సెప్పు. సిన్నది ఏటి సదువుతన్నాది?" అని అడుగుతూనే ఉంది. అతను జవాబులు చెబుతూ, మధ్యలో "సీటు పాడైపోతాదత్తా" అన్నాడు. లోపలికి తీసుకెళ్ళాక వదిన చేతికి కుట్లు వేశారు. బయటికొచ్చి వరండా బల్ల మీద నా పక్కన కూర్చుంది. కాసేపటికి నా వైపు తిరిగి, కుట్లు లేని చేత్తో చెంప మీద ఈడ్చి ఒకటి కొట్టింది. "తలుపెందుకు తియ్యలేదే?" అంది. ఎదురుగా ఉన్నవాళ్ళు చూస్తున్నారు. వదిన తన రుమాలు తడిపి తెచ్చి నా గాజులకి అంటిన రక్తం తుడిచింది. అది ఎవరిదో, ఎలా అంటిందో నాకిప్పటికీ గుర్తులేదు.

అతని భార్య పిల్లలిద్దర్నీ పట్టుకుని వచ్చింది. ఎవరు చెప్పారో ఏమో, వచ్చీ రాగానే నా కాళ్ళ మీద పడింది. "హారన్ కొట్టి నా పెనిమిటిని బతికించినావు తల్లీ! నీ రునం ఎలగ తీర్సుకుందును?" అంది. నేను వదిన వైపు చూశాను. వదిన గోడ వైపు చూసింది. నేను ఆ అమ్మాయిని లేవనెత్తి, అదేం మాటమ్మా అన్నాను. అంతే అన్నాను. ఆ తరవాత అందరూ అదే కథ చెప్పుకున్నారు, మా ఇంట్లో కూడా. మా ఆయన వచ్చినవాళ్ళందరికీ నా సమయస్ఫూర్తి గురించి చెప్పేవారు. చెప్పిన ప్రతిసారీ వదిన లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఏడాదిన్నర తరవాత, ఇక ఉండబట్టలేక, ఒక్కదాన్నే రైల్లో వెళ్ళాను. నరసన్నపేట సంతవీధిలో అతను చిన్న కిరాణాకొట్టు పెట్టుకున్నాడు. కారు నడపడం మానేశాడు. ఒక కన్ను మూసుకుపోయి ఉంది. నెత్తి మీద నుంచి దవడ దాకా కుట్లు పొలంగట్టులా కనిపిస్తున్నాయి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, కుర్చీ వేశాడు, భార్యని టీ పెట్టమన్నాడు. ఆమె లోపలికి వెళ్ళగానే నేను దాచుకోకుండా చెప్పేశాను. చెయ్యి కొయ్యబారలేదనీ, తెలిసే తియ్యలేదనీ, హారన్ కూడా నేను కావాలని కొట్టింది కాదనీ చెప్పాను. అతను పప్పు డబ్బా మూత పెడుతూ విన్నాడు.

"నాకు తెలుసమ్మగారూ. మీ ఏలు నాకు కనపడతానే ఉన్నాది" అన్నాడు. డబ్బా అరలో పెట్టి, "తలుపు తీసుంటే అది లోనికొచ్చి ఇద్దర్నీ సంపేసును, తియ్యకపోడమే మంచిదయినాది అంటారు మా ఊళ్ళో అందరూ. నాను కూడా అలగే అనుకుందునని శానా దినాలు సూసినాను. అనుకోలేకపోతన్నాను" అన్నాడు.

క్షమించమని అడుగుదామని వెళ్ళాను. ఆ మాట విన్నాక అడగడానికి నోరు రాలేదు. అతని భార్య టీ తెచ్చింది, గ్లాసు అడుగున పంచదార కరక్కుండా మిగిలేంత తియ్యగా. ఆమె ఎదుట అతను ఏమీ ఎత్తలేదు. "బేగి తాగండమ్మగారూ, నాలుగింటి బస్సు దొరుకుతాది" అన్నాడు. ఆమె మళ్ళీ నా చేతులు కళ్ళకద్దుకుంది. అతను ఆపలేదు. నేను తెలిసే తలుపు తియ్యలేదన్న మాట భార్యకి ఇన్నాళ్ళూ చెప్పలేదని అప్పుడర్థమైంది. బస్టాండు దాకా తనే వచ్చి, నాకు కిటికీ పక్క సీటు చూసిపెట్టి, బస్సు కదలకముందే తిరిగి వెళ్ళిపోయాడు.

వయసు మీదపడేకొద్దీ నా జ్ఞాపకాలన్నీ కురచవుతున్నాయి. ఇరవై ఏళ్ళ ఉద్యోగం పది మాటల్లో అయిపోతోంది, పెళ్ళి రెండు మాటల్లో. ఆ పిడి మూడుసార్లు లాగిన ఆ కాసేపు మాత్రం ఏడాదికేడాదీ పొడుగవుతూనే ఉంది.