పిచ్చుకల కోసం కట్టిన కోను

ఇప్పుడంటే గింజ నేల మీద పడితే ఇంట్లో అందరూ నా ముఖం వైపు చూస్తారు గానీ, ఆ రోజుల్లో నేను ఇంతకంటే గట్టిదాన్ని. పందొమ్మిదేళ్ల పిల్లకు అంత పిసినారితనం ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. పెళ్లయి భివండికి వచ్చిన కొత్త. శాంతి నగర్‌లో మెట్లెక్కి పోతే పైన ఒంటి గది ఖోలీ మాది, గోడకు అవతల సాంచాలు. అవి బట్ట నేస్తుంటే ఇవతల మా గిన్నెలు కదిలేవి. (పొద్దున పొయ్యి దగ్గర పెట్టిన గ్లాసు మధ్యాహ్నానికి గడప దగ్గర ఉండేదంటే మనవరాలు నమ్మదు. నమ్మకపోతే పోనీ.)

నన్ను కాపురానికి దింపడానికి మా అత్త ఊరి నుంచి వెంట వచ్చింది. నెల ఉండి వెళ్లిపోతానన్నది. "పిట్ట కూత లేదు, పాడు లేదు. లేస్తే టకటక, పండుకుంటే టకటక. గీ ఊరు నాతోని గాదు" అనేది. ఆమె వెళ్తానన్నప్పుడల్లా నా గుండెల్లో రాయి పడేది. మా ఆయన సాంచాల మీద రాత్రి పాళీకి పోతే తెల్లారి వచ్చేవాడు. నాకు హిందీ రాదు, మరాఠీ రాదు. కానీ "భయమైతుంది, ఉండు అత్తా" అని అడగడానికి నోరు రాలేదు. ఆమెకు కావలసింది పిట్టలే కదా, వాటినే రప్పిద్దామనుకున్నాను.

మొదట కొబ్బరి చిప్పలో నూకలు పోసి కిటికీ ఊచకు కట్టాను. పావురం వచ్చి చిప్పలోనే కూర్చుంది. అది లేచేసరికి నూకలు లేవు. తరువాత డబ్బా మూతలో నూకలు పోసి కిటికీ గట్టు మీద పెట్టాను. సాంచాల అదురుకు నూకలన్నీ జరిగి జరిగి, కింద కూర్చున్న పక్కింటామె తల మీద పడ్డాయి. "నా పెండ్లి ఎప్పుడో అయింది వదినె, ఇప్పుడు తలంబ్రాలెందుకు?" అన్నది. అప్పటికే నాకు కండెలు చుట్టే కార్ఖానాలో పని దొరికింది. నూలు అయిపోయిన అట్ట కోనులు అక్కడ పారేసేవారు. ఒకటి తెచ్చి, కొసను కిందికి పెట్టి, ఒక్క నూక పట్టే సందు ఉంచి మిగతాది పేలికతో బిగించాను. పిచ్చుక వాలడానికి విరిగిన కట్టె కండెను అడ్డంగా గుచ్చి, కిటికీ పక్కన సాంచాల గోడకున్న మేకుకు వేలాడదీశాను. పావురం ముక్కు దూరదు, నూకలు ఊరికే రాలవు. అత్త కళ్లు చికిలించి చూసింది.

"గింత సందుల నుంచి తినాలంటే పిట్ట దబ్బనం తెచ్చుకోవాలె బిడ్డా."

"మెల్లగ తింటది అత్తా. తొందరేమున్నది దానికి?"

మరునాడు సాయంత్రం పని నుంచి వచ్చేసరికి కోను ఖాళీ. "వచ్చినయా?" అని అడిగాను. "రాక? గుంపులు గుంపులు వచ్చినయ్" అన్నది అత్త. రోజూ అంతే. ఇంకా విచిత్రం, రోజూ గుప్పెడు పోస్తున్నా నూకల డబ్బా తగ్గేది కాదు. అదంతా నా పొదుపే అనుకున్నాను. చెయ్యి తెలిసి పోస్తే గింజ తరగదని గల్లీలో నలుగురికీ చెప్పాను కూడా. (విన్నవాళ్లు తలలూపారు. వాళ్లనేమనాలి.) నెల దాటినా అత్త మూట కట్టలేదు. "పిట్టలు మరిగినయ్, ఇడిసిపెట్టి ఎట్ల పోత?" అన్నది.

ఒకరోజు కార్ఖానాలో కరెంటు పోతే మధ్యాహ్నమే ఇల్లు చేరాను. అత్త పీట మీద నిలబడి, కోనును విప్పి, నూకలు తిరిగి డబ్బాలోకి వంపుకుంటోంది. ఇన్నాళ్లూ కోనుకూ డబ్బాకూ మధ్య తిరిగినవి అవే నూకలన్నమాట.

"ఒక్కటి గూడ రాలేదా?" అన్నాను.

"ఒక్కటి రాలేదు. జెరమొచ్చినట్టు వణికే గోడకు కడితివి, ఏ పిట్ట వాలుతది?"

"మరి పిట్టలు లేకుంటె పోతనంటివి గద."

అత్త మెల్లగా పీట దిగింది. "వాడు పాళీకి పోయినంక నువ్వు గొళ్లెం పెడతవ్, మళ్ల లేచి చూస్తవ్, ఇంకోపారి చూస్తవ్. నిన్ను ఇడిసి యాడికి పోత? ఉండుమని నువ్వు అడుగవు, ఉంటనని నాకు చెప్పరాదు. నడుమ గా పిట్టలున్నయ్ గద అని ఊకున్న."

నాకు ఏడుపూ సిగ్గూ కలిసి వచ్చాయి. (సిగ్గు ఎక్కువగా ఆ డబ్బా గురించే.) ఆ పూటే ఇద్దరం కోనును వెనక గల్లీ వైపు, అదురు లేని చోట, రేకుల చూరు కిందికి మార్చాం. అత్త వేలు పెట్టి సందు పెద్దది చేసింది. "గింత పోతది" అన్నాను. "పోనీ" అన్నది. వారం తిరిగేలోపు ఒక పిచ్చుక వచ్చింది. కండె మీద కాసేపు కూర్చుని, కోనును పట్టించుకోకుండా, కింద రాలిన నూకలు తిన్నది. అత్త నా చేయి పట్టుకుంది. అది ఎగిరిపోయేదాకా వదల్లేదు.

అత్త చివరిదాకా నా దగ్గరే ఉంది. ఇప్పుడు నా వయసు ఆమె వయసును దాటింది. అయినా నాకు తరచూ గుర్తొచ్చేది ఆ చివరికి వచ్చిన పిచ్చుక కాదు. పని విడిచి గల్లీ మలుపు తిరగగానే తలెత్తి కిటికీ వైపు చూసి, అడుగుల వేగం పెంచే ఆ పందొమ్మిదేళ్ల పిల్ల. ఇప్పుడు ఆ గల్లీలో ఎదురుపడితే, ఒక్క పిట్ట కూడా రాలేదే పిచ్చిదానా అని చెబుతానా? చెప్పను. నవ్వాపుకుని, పక్కకు జరిగి దారి ఇస్తాను.