బూర్గంపాడు గాజుతొట్టిలో ఓవర్‌మాన్

2005 జూన్‌లో నన్ను మత్స్యశాఖ అభివృద్ధి అధికారిగా భద్రాచలం బదిలీ చేశారు. వాడుకలో ఈ పోస్టును ఎఫ్‌డీవో అంటారు. మా పైన ఖమ్మంలో డిప్యూటీ డైరెక్టర్, మా కింద ఒక ఫీల్డ్‌మాన్, ఒక అటెండరు. గోదావరికి రెండు వైపులా ఉన్న చెరువుల్లో వానలు పడగానే చేపపిల్లలు వదిలించడం, మత్స్యకారుల సహకార సంఘాల తగాదాలు తీర్చడం, వలల సబ్సిడీ కాగితాలు నడపడం మా పని. టేకులపల్లి వైపు అడవి కుంటలకు వెళ్లాల్సి వస్తే జీపు ఆగిన చోట దిగి, ఆక్సిజన్ నింపిన చేపపిల్లల సంచులు భుజాన వేసుకుని నడిచేవాళ్లం. ఉప్పునీటితో మా ఆఫీసుకున్న సంబంధమల్లా మధ్యాహ్నం తాగే మజ్జిగ ఒక్కటే.

ఆ సెప్టెంబరులో ఖమ్మం నుంచి డీడీ గారు ఫోన్ చేశారు. కాగితం లేకుండా ఏ ఆదేశమూ ఇవ్వని మనిషి, ఆ రోజు నోటిమాటగానే చెప్పారు. బూర్గంపాడులో తన చిన్ననాటి స్నేహితుడు ఇంట్లో సముద్రపు చేపల అక్వేరియం పెట్టుకున్నాడనీ, చేపలు ఒకదాన్నొకటి బతకనివ్వడం లేదనీ, ఏవేవి కలిసి ఉంటాయో నేను వెళ్లి ఎంపిక చేయాలనీ. దీన్ని టూర్ డైరీలో ఎలా రాయమంటారని అడిగాను. టూర్ డైరీ అంటే నెలంతా ఎక్కడెక్కడ తిరిగామో రాసి పై ఆఫీసుకు పంపే లెక్క. 'విస్తరణ సేవలు' అని రాయమన్నారు. 'నీటి విస్తీర్ణం, హెక్టార్లలో' అన్న గడిలో ఏం రాయాలో చెప్పలేదు. అక్కడ ఒక గీత గీశాను.

స్నేహితుడి పేరు శామ్యూల్. బొగ్గు గనుల్లో అండర్ మేనేజరుగా పనిచేసి ఆ ఏడే రిటైరయ్యారు. గనిలో మేనేజరు తర్వాత షిఫ్టు బాధ్యతంతా అండర్ మేనేజరుదే. ఉద్యోగమంతా గని దగ్గరి క్వార్టర్లలోనే గడిచింది. బూర్గంపాడు ఇంటికి ఆదివారాలు వచ్చి వెళ్లేవారు. ఆయన భార్య రూతమ్మ టీచర్ అక్కడి హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. సాయంత్రాలు ముందుగదిలో పదో తరగతి పిల్లలకు ట్యూషన్. విశాఖలో ఉన్న అల్లుడు మామగారి రిటైర్మెంటు కానుకగా నాలుగు అడుగుల గాజుతొట్టి, రాళ్లు, పంపు, నీళ్లలో కలిపితే సముద్రపు నీరయ్యే ఉప్పు పొట్లాలు లారీలో వేసి పంపాడు. తొట్టి ముందుగదిలో దిగింది. దాని కోసం రెండు బెంచీలు వరండాలోకి పోయాయి.

శామ్యూల్ గారు తొట్టి నింపిన రోజునే ఎనిమిది రకాల చేపల్ని ఒకేసారి వదిలారు. చూడటానికి బాగుంటుందని వాటిలో ఒక సింహచేపను కూడా చేర్చారు. అది నోట్లో పట్టే దేన్నైనా మింగుతుంది. చిన్నవన్నీ దాని కడుపులోకి పోయాయి. మిగిలినవి నీరు పాడై చచ్చాయి. చివరికి సింహచేప కూడా పోయింది. కొత్త చెరువు తవ్విన మర్నాడే చేపపిల్లల్ని వదలం గదా. తొట్టి నీరు కూడా అంతే. చేపల మలినాన్ని అరిగించే సూక్ష్మజీవులు రాళ్ల మీద పెరగడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ సంగతి చెప్తుంటే రూతమ్మ గారు వంటింటి గుమ్మంలో నిలబడి విన్నారు.

"అన్నా, మీకు మర్యాదగ చెప్తున్న," అన్నారావిడ. "పొద్దున లేచి సచ్చిన చేప మొకం చూసుడు నాతోని కాదు. ఇంకొక్కటి సచ్చిందంటే గీ తొట్టి చర్చికిచ్చేస్త. క్రిస్మస్ విందుకు బియ్యం పోసుకుంటరు."

శామ్యూల్ గారు గేటు దాకా సాగనంపడానికి వచ్చి గొంతు తగ్గించారు. "సార్, నేను గనిల దిగుతున్ననంటే షిఫ్టు షిఫ్టంత సర్దుకుంటుండె. ఈడ టీవీ పెట్టుకోవాలన్నా ట్యూషన్ అయిపోవాలె. గా తొట్టి ముందట కూసుంటెనే నన్నెవ్వరు లెవ్వమనరు. అది పోతే ఇంట్ల నాకు జాగ లేదు."

ఇది పరాచికం కాదని ఆయన ముఖం చూస్తే తెలిసింది. పని ఒప్పుకున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో కాకినాడ శిక్షణలో సముద్రపు చేపల పాఠాలు విన్నాను. తర్వాత ఇరవై ఏళ్లు చెరువు చేపలే. అందుచేత నాకు బాగా తెలిసిన పద్ధతినే తొట్టికి పెట్టాను. చెరువులో బొచ్చె పైనీటిలో మేస్తుంది, రోహు మధ్యలో, మృగాల అడుగున. ఒకదాని మేత జోలికి మరొకటి పోదు. అందుకే మూడింటినీ కలిపి వేస్తాం. దీన్నే మిశ్రమ పెంపకం అంటాం. ఉద్యోగమంతా రైతులకు ఇదే చెప్పాను, ఎక్కడా తేడా రాలేదు. తొట్టికి కూడా కాగితం మీద మూడంతస్తులు గీశాను. పైన నారింజ రంగు మీద తెల్లని పట్టీలుండే క్లౌన్ చేపల జంట. అడుగున ఇసుక నమిలి శుభ్రం చేసే గోబీ అనే చేప. మధ్యన బొటనవేలంత నీలి డామ్సెల్. చేపలు పంపే విశాఖ దుకాణదారు డామ్సెల్‌ది గట్టి ప్రాణం, కొత్త నీటిని తట్టుకుంటుందని చెప్పాడు. కనుక ముందుగా దాన్నొక్కదాన్నే వేద్దామన్నాను.

అక్టోబరులో డామ్సెల్ వచ్చింది, నిజంగానే బతికింది. తెల్లవారి లైటు వేస్తే చాలు, రాళ్లన్నీ చుట్టి ప్రతి కంతలో తల పెట్టి చూసి మళ్లీ మొదటికి వచ్చేది. శామ్యూల్ గారు దానికి ఓవర్‌మాన్ అని పేరు పెట్టారు. గనిలో ఓవర్‌మాన్ అంటే షిఫ్టంతా పనిచోట్లు తిరిగి తనిఖీ చేసే ఉద్యోగి. అండర్ మేనేజరుకు కింద, కార్మికుల జట్టును చూసే సర్దారుకు పైన. ట్యూషన్ పిల్లలకు కూడా ఆ పేరే అలవాటైంది. రూతమ్మ గారు దాన్ని పేరుతో పిలవలేదు గానీ, దాని వైపు చూడటం నేను గమనించాను.

నవంబరు చివర్లో ఒక శనివారం మిగిలిన మూడు చేపలు వచ్చాయి. రూతమ్మ గారు తిరుమలాయపాలెంలో బంధువుల పెళ్లికి వెళ్లారు, ఆదివారం సాయంత్రానికి వస్తారు. నేను పద్ధతి ప్రకారం సంచుల్ని తొట్టినీటిలో తేల్చి వేడి సమానమయ్యేదాకా ఆగాను. తొట్టినీరు కొద్దికొద్దిగా సంచిలో కలిపి అలవాటు చేసి, అప్పుడు వదిలాను. క్లౌన్ జంట పైకి, గోబీ అడుగుకి పోయాయి. సరిగ్గా కాగితంలో గీసినట్టే.

ఓవర్‌మాన్ తన కంతలోంచి వచ్చి ముందు పైఅంతస్తు ఖాళీ చేయించింది. క్లౌన్ చేపల తోకలు కొరికి పంపు గొట్టం వెనక్కు తరిమింది. తర్వాత కిందికి దిగి గోబీని మూలకు నెట్టింది.

"సార్, మీ లెక్కల దానికి నడిమి అంతస్తే గద?" అని శామ్యూల్ గారు అడిగారు.

అవునన్నాను.

"గా ముచ్చట దానికెవరన్న చెప్పిండ్రా?"

ఆదివారం పొద్దున్నే శామ్యూల్ గారి ఫోన్. క్లౌన్ చేపల్లో చిన్నది గొట్టం వెనకే ఒరిగి ఉంది, ఇంకా ఊపిరి పీలుస్తోంది. రూతమ్మ వచ్చేలోగా ఓవర్‌మాన్‌ను తీసేయాలి. ఫీల్డ్‌మాన్‌ను వెంటబెట్టుకుని గోదావరి వంతెన దాటాను. చేతివల పెడితే ఓవర్‌మాన్ రాళ్ల సందులోకి పోయింది. వల తీస్తే బయటికొచ్చి గోబీని మరో కాటు వేసింది. సీసాలో మేత వేసి ముంచాం. మేత కోసం గోబీ దూరింది, దాన్ని బయటికి తీయడం ఇంకో పనైంది.

గోదావరి మత్స్యకారుల సంఘం ప్రెసిడెంటు కొమురయ్యకు కబురు పెట్టాను. పాయలో వల విసిరాడంటే వట్టి చేతులతో రాడని పేరు. ఆయన వచ్చి తొట్టినీ, చేపనూ, నన్నూ వరసగా చూశాడు.

"సార్, గోదాట్ల నా అంతెత్తు వాలుగను పట్టిన. గీ బొటనవేలంత దానితోని నా ఇజ్జత్ తీస్తరా?"

అయినా మోచేయి దాకా చెయ్యి పెట్టాడు. ఓవర్‌మాన్ ఆయన వేలు కొరికింది. అది కొరికితే దోమ కుట్టినంత కూడా ఉండదు. కానీ అది కొరకడం మేమంతా చూశాం. దాంతో కొమురయ్యకు పట్టుదల వచ్చింది. రెండో చెయ్యి కూడా పెట్టాడు. తొట్టిలో నీళ్లు చాలానే నేల మీదికి వచ్చాయి.

రూతమ్మ గారు అనుకున్నదానికంటే ముందే వచ్చారు. ముందుగదిలో బెంచీలు ఒకదానిమీదొకటి ఎక్కించి ఉన్నాయి. నేల మీద ఉప్పునీరు. ఒక గెజిటెడ్ అధికారి, అంటే నేను, ఆవిడ భర్త పక్కన మోకాళ్ల మీద కూర్చుని తొట్టిలోకి టార్చిలైటు వేస్తున్నాను. సంఘం ప్రెసిడెంటు చొక్కా విప్పి ఉన్నాడు. ఆవిడ పెళ్లి చీర కొంగు పైకి దోపుకుని, చెప్పులు విప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించారు.

"ఏంది గిది?" అన్నారు.

శామ్యూల్ గారు లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పారు. ఇంకా ఏదీ చావలేదని రెండుసార్లు చెప్పారు. ఆవిడ గొట్టం వెనక చిన్న చేపను చూశారు. తర్వాత ఓవర్‌మాన్‌ను, తప్పు లెక్కను చూసినట్టు, చాలాసేపు చూశారు. తొట్టి ఇక చర్చికి పోయినట్టేనని నేను అనుకున్నాను.

"దీన్నొక్కదాన్ని తీసి ఏం చేస్తరు?" అన్నారావిడ. "రేపు ఇంకొకటి గిట్లనే తయారైతది. మా క్లాసుల గిదే లొల్లి. ఫస్ట్ బెంచిల కూసున్నోడు కొత్తోన్ని జరగనియ్యడు. వాన్ని బయట నిలబెడితే బెంచి వానిదే ఉంటది, వచ్చి మళ్ల గాడ్నే కూసుంటడు. అందర్ని లేపాలె. బెంచీలన్ని తిప్పాలె. కొత్తోళ్లను ముందు కూసోబెట్టాలె. వాన్ని ఆఖరికి పిలవాలె."

నేను ఆలోచించాను. ఈ చేపలు తగాదా పడేది మేత కోసం కాదు, చోటు కోసం. ఆ రాళ్ల మధ్య వారాల తరబడి ఒంటరిగా ఉన్నందుకు ఓవర్‌మాన్ తొట్టి మొత్తం తన పేర పట్టా అయిందనుకుంది. రాళ్లు మారితే పట్టా ఉండదు. రూతమ్మ గారు చెప్పింది శాస్త్రానికి సరిపోయింది. ఈ సంగతి కాకినాడ శిక్షణలో చెప్పారో లేదో నాకు గుర్తు లేదు.

వంటింట్లోంచి గంగాళాలు, బకెట్లు వచ్చాయి. వాటిలోకి మిగిలిన తొట్టినీరు తోడి, దొరికిన కొద్దీ కొత్త చేపల్ని అందులో వేసి, ఒక్కొక్క రాయినీ తీశాం. ఆఖరి రాయి తీశాక ఓవర్‌మాన్‌కు దాక్కునే చోటు లేదు. కొమురయ్య దాన్ని టీ వడపోసే జాలితో తీశాడు. జాలి సంగతి సంఘంలో చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. దాన్ని మూత తీసిన పాల క్యానులో వేసి గాలి గొట్టం పెట్టాం.

రాళ్లు పేర్చే పని శామ్యూల్ గారిది. అక్కడ ఆయన చేతులకు పాత పని దొరికింది. గనిలో కప్పు కూలకుండా బొగ్గునే స్తంభాలుగా వదిలి, మధ్యలో గ్యాలరీలు తవ్వుకుంటూ పోతారట. అదే తీరున ఒక రాయి జారితే ఇంకోటి ఆపేటట్టు, ఏ కంతలో కూర్చున్నా తొట్టి మొత్తం కనబడకుండా మలుపులు పెట్టారు. రూతమ్మ గారు బెంచి మీద కూర్చుని, గోబీకి ఇంకొంచెం జాగ ఇయ్యమని ఒకసారి, అటు వెలుతురు పడటం లేదని ఒకసారి చెప్పారు. మూడు కొత్త చేపల్నీ వదిలి ఆ రాత్రి లైటు ఆర్పేశాం.

మర్నాడు సాయంత్రం ఓవర్‌మాన్‌ను వదిలాం. ట్యూషన్ పిల్లలు పుస్తకాలు మూసి చూస్తున్నారు. అది సూటిగా కుడిమూలకు, తన పాత కంత ఉన్న చోటికి పోయింది. అక్కడ గోబీ ఇసుక నములుతోంది. దాని ముఖం మీదే ఇసుక ఉమ్మింది. ఓవర్‌మాన్ పైకి పోతే, తోక చిరిగిన పెద్ద క్లౌన్ చేప ఎదురొచ్చి ఒక్క తోపు తోసింది. ఓవర్‌మాన్ రెండు చుట్లు తిరిగి, వెనక ఉన్న ఒక చిన్న కంతలోకి పోయి తల మాత్రం బయట పెట్టుకుంది.

శామ్యూల్ గారికి జాలి వేసింది. "పాపం, దానికి రిటైర్మెంట్ మొకం పడ్డది," అన్నారు.

రూతమ్మ గారు సుద్దముక్క కోసం వెతుకుతూనే జవాబిచ్చారు. "అలవాటైతది. మీకు కాలేదా?"

పిల్లలు నవ్వారు, ఆయనా నవ్వారు. తొట్టి అక్కడే ఉంటుందని ఆవిడ విడిగా చెప్పలేదు. వరండాలోని రెండు బెంచీలను తొట్టికి అటొకటి ఇటొకటి వేయించారు. శామ్యూల్ గారి కుర్చీ మధ్యలో ఉంది. నేను భద్రాచలంలో ఉన్నన్నాళ్లూ ఆ నాలుగు చేపలూ బతికే ఉన్నాయి.

చెరువు చేపల్ని కలిపేటప్పుడు ఏది ఏం తింటుందో చూస్తే చాలు. రాళ్ల మధ్య బతికే సముద్రపు చేపలకు అది చాలదు. ఏది ముందు వచ్చిందో కూడా చూడాలి. నెమ్మదైన వాటిని ముందు, దూకుడు వాటిని ఆఖరున వేయాలి. ఈ వరస తప్పితే మంచి ఎంపిక కూడా పనికిరాదు. మరుసటి ఏడు ఒక సంఘంలో అడవి పల్లెల వాళ్లను కొత్త సభ్యులుగా చేర్చుకోవడానికి పాతవాళ్లు అడ్డం పడ్డారు. ఆ సమావేశం సంఘం ఆఫీసులో కాకుండా స్కూల్లో పెట్టించి, కొత్తవాళ్లను అరగంట ముందు రమ్మన్నాను. పాతవాళ్లు వచ్చేసరికి కుర్చీలు నిండి ఉన్నాయి. తీర్మానం ఆ పూటే అయింది. నిలబడి వాదించేవాళ్లు జల్దీ రాజీకి వస్తారని కూడా అప్పుడే తెలిసింది.