ప్రూఫు కాగితం వెనకవైపు

నా కాగితాలు విశ్వవిద్యాలయం లైబ్రరీకి కావాలని కబురొచ్చినప్పుడు ముందు నవ్వొచ్చింది. చాలా ఏళ్లు ఒక పత్రికకు సంపాదకుడిగా ఉండి, చివర్లో జర్నలిజం పాఠాలు చెప్పి రిటైరైనవాడి దగ్గర కాగితాలు కాక ఇంకేం దొరుకుతాయి? వన్‌టౌన్‌లో మా ఇల్లు పోర్టుకు దగ్గర. గాలి అటునుంచి వీస్తే ఇనుపఖనిజం పొడి ఎర్రగా వచ్చి పడుతుంది, సముద్రం వైపు నుంచి వీస్తే అన్నీ చెమ్మగా మెత్తబడతాయి. ఆ గాలికి ఓర్చి మిగిలినవాటికి లైబ్రరీలో చోటు దొరుకుతుందంటే మంచిదే. మాకు పిల్లలు లేరు. నా తర్వాత అవన్నీ పాత పేపర్లవాడి తక్కెడలోకే పోతాయని నాకు తెలుసు.

అయితే ఆ కాగితాల్లో కొన్ని నావి మాత్రమే కావు.

తొంభైల్లో నేను మధ్యాహ్నం పత్రికాఫీసుకు బయల్దేరితే, తిరిగొచ్చేసరికి ఊరంతా నిద్రపోయి ఉండేది. నా భార్య ఆసుపత్రిలో నర్సు. ఆవిడ డ్యూటీ ఒక్కోవారం ఒక్కోలా మారేది. ఒకే ఇంట్లో కాపురముంటూ ఒకరి మొహం ఒకరు చూసుకోని రోజులు చాలానే ఉండేవి. అందుకని రాసుకునేవాళ్లం. ఆఫీసు నుంచి నేను తెచ్చే ప్రూఫులు న్యూస్‌ప్రింటు కాగితాలు. ఒకవైపు నా సంపాదకీయం, దాని మీద నా ఎర్రసిరా దిద్దుబాట్లు. రెండోవైపు ఖాళీ. ఆవిడ ఆ ఖాళీలో పెన్సిలుతో రాసి వంటింటి గట్టు మీద పెట్టి వెళ్లేది. కింద నేను జవాబు రాసేవాణ్ణి.

ఆవిడది భీమిలి. నేను కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాణ్ణి. ఆవిడ ఎలా మాట్లాడేదో అలాగే రాసేది. ‘వంజరం దొరకలేదు. కానాగంతలు పులుసెట్టేను. ముల్లు సూసుకు తినండి, పేపరు సదువుతూ తినకండి.’ దిద్దడానికి అలవాటుపడ్డ చెయ్యి ఊరికే ఉండదు కదా. ఒకసారి ‘నాను’ అన్న ప్రతిచోటా గీత కొట్టి పైన ‘నేను’ అని రాసిపెట్టాను. మర్నాడు దాని కింద ఒక్కటే వాక్యం ఉంది.

‘నాను రాసింది పేపరుకి కాదు, మీకు.’

ఆ తర్వాత దిద్దే సాహసం చెయ్యలేదు. ఆవిడ మాత్రం నన్ను వదల్లేదు. అప్పుడప్పుడు కాగితం తిప్పి నా సంపాదకీయం చదివేది. ఒకసారి వార్డుకు కూడా పట్టుకెళ్లిందట. ‘ఎనకాల మీరు ఏటి రాసేరో నాకు తెలీలేదు. పేషెంట్లకి సదివి ఇనిపించేను, ఆళ్లకీ తెలీలేదు’ అని రాసింది. ఆ దెబ్బకు కొన్నాళ్లు చిన్న చిన్న వాక్యాలు రాశాను. ఆఫీసులో అందరూ నా శైలి మారిందని మెచ్చుకున్నారు.

రెండువేలు దాటిన కొన్నాళ్లకు ఆవిడ పోయింది. జబ్బు ఎక్కువ గడువివ్వలేదు. మంచం పక్కనే రోజంతా కూర్చునేవాణ్ణి. ఎదురెదురుగా ఉన్నాక రాసుకోవాల్సిన పని లేకపోయింది, మాట్లాడుకోవడం మాకంత అలవాటు లేదు. ఇద్దరం కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేవాళ్లం. ఒంటరిగా ఉంటే చదువుకోవడానికి తీరిక దొరుకుతుందని నాతో చాలామంది అన్నారు. వాళ్లెవరూ ఒంటరివాళ్లు కారు. నేను చదివింది ఆ ప్రూఫుల వెనకవైపే. చదివిన ప్రతిసారీ అంచు కాస్త కాస్త రాలి ఒళ్లో పడేది. ఇలా చదువుకుంటూ పోతే నా కళ్లముందే పొడైపోతాయని భయమేసింది. లైబ్రరీకి సరేనన్నది అందుకే.

లైబ్రేరియన్ రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, నెమ్మదస్తురాలు. ప్రూఫులను ముట్టుకుని చూసి, ఇవి ఇలాగే ఉంచితే రెండు వానాకాలాలు కూడా ఆగవన్నారు. లైబ్రరీకి స్కానరు ఇంకా రాలేదు, జిరాక్సు తీద్దామని చూశాం. మెషిన్ మూత వేసేసరికి మొదటి కాగితం విరిగింది, పెన్సిలు రాత అసలు తేలనే లేదు. ఇక మిగిలింది ఒకటే దారి. బైండరు చేత మందపాటి అట్టకు అంటించాలి. అంటిస్తే ఒకవైపే కనబడుతుంది.

"సంపాదకీయాల వైపే కదా మాస్టారూ?" అన్నారావిడ.

కాదన్నాను. సంపాదకీయాలు అచ్చయ్యాయని, బైండు చేసిన పత్రికలు వాళ్ల బీరువాల్లోనే ఉన్నాయని చెప్పాను. ఎర్రసిరా దిద్దుబాట్లు ఇంకెక్కడా లేవు కదా, విద్యార్థులు నేర్చుకునేది వాటిని చూసే కదా అన్నారు. అది నిజమే. ఇంటి సంగతులు పరిశోధకులకు దేనికి, కేటలాగులో ఏమని రాసుకోవాలి అని కూడా అడిగారు. నాకు కోపమొచ్చింది. మీ కేటలాగు నిండా ఒత్తులు తప్పు అన్నాను. దానికీ దీనికీ సంబంధం లేదని నాకూ తెలుసు, కానీ ఇంకేం అనాలో తోచలేదు. ఒక కాగితం తిప్పి లైబ్రేరియన్ ముందు పెట్టాను.

చదివారు. ఇంకోటి తీసుకున్నారు. మూడోదానికి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఈవిడ భీమిలి మనిషా మాస్టారూ? మా అమ్మ అచ్చం ఇలాగే మాటాడీది."

"ఇవి ఇక్కడ తప్ప ఇంకెక్కడా లేవమ్మా," అన్నాను. "నా తర్వాత ఇవి చదవడానికి ఎవరూ లేరు."

లైబ్రేరియన్ బైండరును పిలిచి ఏ వైపో చెప్పారు. అతను మైదాపిండి జిగురు నా వాక్యాల మీద బ్రష్షుతో రాస్తుంటే పక్కనే నిలబడి చూశాను. ఎర్రసిరా తడికి పాకి గులాబీరంగైపోయింది. బాధ కలగలేదంటే అబద్ధం. సగం జీవితం ఆ వైపే ఉంది. కానీ అట్ట మీద నా భార్య అక్షరాలు సాపుగా పరుచుకుని కనబడ్డాక, ఇక ఇవి ఎక్కడికీ పోవు కదా అని గుండె తేలికపడింది. ఆటోలో ఇంటికొచ్చి తలుపు తీసేదాకా ఆ తేలికదనం ఉంది.

ఇప్పుడు ఆవిడ రాసింది చదవాలంటే రీడింగు రూములో చీటీ నింపాలి. ఏ పని మీద అన్నచోట పరిశోధన అని రాస్తాను. ఫైలు తెచ్చి ముందు పెడతారు. కాగితాల మీద ఏమీ రాయకూడదు కాబట్టి, ఆవిడ అడిగినవాటికి నా జవాబు నోట్లోనే చెప్పుకుంటాను. ఐదింటికి తిరిగిచ్చెయ్యాలి. ఆదివారం లైబ్రరీకి సెలవు. ఆదివారాలు ఏం చెయ్యాలో నాకింకా తెలియలేదు.