మస్కట్‌లో ఉన్న మా డైరెక్టర్

మా ఆఫీసు కింద పిండిగిర్ని ఉంది. వనపర్తిలో అద్దె తక్కువ అంటే అర్థం ఇదే. గోధుమలు పట్టినంతసేపూ చప్పుడొక్కటే. మిరపకాయలు పట్టే రోజు మాత్రం ఘాటు మెట్లెక్కి వస్తుంది. వీడియో కాల్‌లో హైదరాబాద్ కంపెనీవాళ్లు మాట్లాడుతుంటే మేమిద్దరం తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ కూర్చుంటాం. కాంట్రాక్టు పోయిందని ఏడుస్తున్నామని వాళ్లు అనుకొని ఉంటారు. పోవడానికి అదింకా మా చేతికి రానేలేదు.

ఇద్దరమంటే నేనూ, నాతో ఇంజనీరింగ్ చదివిన స్నేహితుడూ. గద్వాలలో పత్తి విత్తనాల గోదాములకు సరకు లెక్క చూసే సాఫ్ట్‌వేర్ రాసిచ్చాం. ఏ బస్తా ఎక్కడుంది, ఏది ముందు పంపాలి, అంతే. సైన్యానికి సరఫరా చేసే ఆ హైదరాబాద్ కంపెనీకి అది నచ్చింది. ట్రక్కుల విడిభాగాల డిపోలకు అలాంటిదే కావాలన్నారు. దేశరక్షణలో మా వాటా ఏ టైరు ఏ అరలో ఉందో చెప్పడం. దీన్ని నమ్ముకొని వేరే పని ఒప్పుకోలేదు. ఇది రాకపోతే తాళంచెవి గిర్నీవాడి చేతిలో పెట్టి ఉద్యోగాలు వెతుక్కోవడమే.

ఒక రోజు కాల్‌లో ఆ కంపెనీ తరఫున భద్రతా పరిశీలన చూసే మేడం అడిగింది.

"మీ మొదటి డైరెక్టర్ ఎక్కడుంటారు?"

"మస్కట్‌లో మేడం," అన్నాడు నా స్నేహితుడు. "కార్ల మెకానిక్. అక్కడి మనిషితో కలిసి షెడ్డు నడుపుతారు."

"సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆయన పనేంటి?"

ఆయన పనల్లా నా స్నేహితుడికి అన్న కావడమే. కంపెనీ రిజిస్టర్ చేసేటప్పుడు, పెద్దోడి పేరు లేకుండా మా ఇంట్లో ఏ పనీ మొదలు కాదని నాగర్‌కర్నూల్‌లో ఉండే వాళ్లమ్మ పట్టుబట్టింది. పెళ్లిపత్రికలో వేసినట్టు అతని పేరు అందరికంటే పైన వేశాం. అతను సంతకం పంపి మరిచిపోయాడు. మేమూ మరిచిపోయాం.

విదేశీ భాగస్వామి ఉన్నవాడు డైరెక్టర్‌గా ఉంటే సైన్యం పని ఇవ్వరట. అతను తప్పుకోవాలి, అదీ శుక్రవారంలోగా. నియమం తప్పని నేననను. సైన్యం లెక్కలు చూసేవాడి వెనక ఎవరున్నారో చూసుకోవాల్సిందే. కాకపోతే మా కంప్యూటరు, కెమెరా, ఆ మేడం మాటలు మాకు మోసుకొచ్చిన రూటరు ఎక్కడ తయారయ్యాయో ఎవరూ అడగలేదు. క్లచ్ ప్లేట్లు మార్చే మనిషి మాత్రం దొరికిపోయాడు.

"ఒక్క సంతకమే గదరా. ఫోన్ చెయ్," అన్నాను.

"నువ్వు చెయ్."

"మీ అన్న గద."

"అందుకే."

తర్వాత రోజూ ఇదే. అన్నకు ఫోన్ చేస్తాడు, ఎండలెట్లున్నయని అడుగుతాడు, పెట్టేస్తాడు. మస్కట్ ఎండల గురించి నాకిప్పుడు వాతావరణ శాఖకున్నంత తెలుసు. శుక్రవారం దగ్గరపడుతుంటే ఒళ్లు మండి, వాణ్ని బండెక్కించుకొని నాగర్‌కర్నూల్ పోయాను, వాళ్లమ్మ ముందైనా మాట బయటికొస్తుందని.

ఆమె మాకు చాయ్ ఇచ్చి, పెద్దకొడుకుకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి మధ్యలో కూర్చుంది.

"ఏం తమ్మీ, బాగున్నవా?" అన్నాడతను నాతో. కాలేజీ రోజుల నుంచీ నన్నట్లే పిలుస్తాడు. "మావోడు ఏందో పరేషాన్ల ఉన్నట్టుండు. రోజు ఎండల సంగతే అడుగుతుండు. ఫ్యాన్ల దుకాణం గిట్ల పెడుతుండ్రా ఏంది?"

నా స్నేహితుడు చాయ్‌లోకి చూస్తున్నాడు. నేనే చెప్పాను. రూలు ఇట్లుంది భాయ్ అన్నాను. ఇది నీ మీద అనుమానం కాదన్నాను. కాగితం మీద పేరు తీస్తే చాలన్నాను. చెప్పేకొద్దీ అది అనుమానంలాగే వినిపించింది.

అవతల ఏదో పానా కింద పెట్టిన చప్పుడు.

"సంతకం పంపిస్త," అన్నాడు. "ఇయ్యాల్నే పంపిస్త. అమ్మా, నువ్వేం అనకు."

ఆమె ఖాళీ కప్పులు కూడా తియ్యకుండా అట్లే కూర్చుంది.

"ఒకటి చెప్పుండ్రి సార్," అన్నాడు నాతో. "పేరు తీసేస్తె వాడు నా తమ్ముడు కాకుండ పోతడా?"