శ్యామసుందరి చెప్పని మాట

ఆస్ట్రేలియాలో పెర్త్ శివారు కానింగ్ వేల్‌లోని తెలుగువాళ్ళలో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా, ఎవరి పిల్లవాడు మెట్ల మీంచి జారిపడినా మొదట మోగేది శ్యామసుందరి ఫోనే. గుడివాడ నుంచి పెర్త్ వచ్చి చాలా ఏళ్ళయింది, పెద్దాసుపత్రి సర్జికల్ వార్డులో నర్సు. "ముందు మన శ్యామక్కని అడుగుదాం" అనడం అక్కడ అందరికీ అలవాటు. ఆవిడ విసుక్కోకపోవడం అటుంచి, అడక్కపోతేనే చిన్నబుచ్చుకునేది. పదిమందికీ కావలసిన మనిషినన్న ఆ మురిపెమే చివరికి ఆవిడ కొంప ముంచింది.

రత్నకుమారి గారు ఆ వార్డులో చేరింది పెద్దపేగు చివర క్యాన్సర్‌తో. ఆవిడది మచిలీపట్నం. భర్త పోయాక కొడుకు శ్రీకర్ దగ్గరికి వచ్చేసింది. శ్రీకర్ ఐటీ ఉద్యోగి, శ్యామసుందరికి బాగా తెలిసినవాడు. తల్లికి జబ్బు పేరు ఇంకా ఎవరూ చెప్పలేదు. మర్నాడు ఆపరేషన్ అనగా అతను వరండాలో శ్యామసుందరిని పట్టుకున్నాడు.

"ఆంటీ, ప్లీజ్. అమ్మకి క్యాన్సర్ అని మాత్రం చెప్పకండి. షీ కాంట్ టేక్ ఇట్. నాన్న పోయాక అసలే డల్ అయిపోయింది. మలం పోవడానికి పొట్టకి పెట్టే ఆ బ్యాగ్ పర్మనెంట్ అని తెలిస్తే ఆపరేషనే వద్దంటుంది. తర్వాత నేను మెల్లిగా చెప్పుకుంటాను."

శ్యామసుందరికి ఇందులో వింతేమీ తోచలేదు. మన ఇళ్ళల్లో ఇది కొత్తా? ఆవిడ మేనత్తకి గొంతులో క్యాన్సరైతే, పోయేదాకా టాన్సిల్స్ అనే చెప్పారు. "సర్లే నాన్నా, నేను చూసుకుంటాగా" అనేసింది. ఎంత సులువుగా అనేసిందో!

ఆ మధ్యాహ్నం సర్జన్ సంతకం కోసం వచ్చాడు. ఫోన్లో తెలుగు దుబాసీ దొరకడానికి ఇంకా ఆలస్యమవుతుందన్నారు. ఆయనకేమో థియేటర్‌లో మరో కేసు ఎదురుచూస్తోంది. "మీకు ఆవిడ భాష వచ్చుగా, కాస్త చెప్పేస్తారా?" అన్నాడు. ఆపరేషన్‌కి ఒప్పుకోలు తీసుకునేటప్పుడు వార్డులో పనిచేసేవాళ్ళు దుబాసీలుగా నిలబడకూడదు. అది రూలు. కొత్తగా చేరిన నర్సులకి ఆ రూలు చెప్పేది శ్యామసుందరే. అయినా తల ఊపింది.

సర్జన్ మంచం పక్కన కూర్చుని అంతా విడమరచి చెప్పాడు. క్యాన్సర్ అని చెప్పాడు, పేగు చివరి భాగం మొత్తం తీసేయాలన్నాడు, పొట్టకి పెట్టే సంచి జీవితాంతం ఉంటుందన్నాడు. ఆయన ఆపాక శ్యామసుందరి అటు తిరిగింది.

"పిన్నిగారూ, లోపల పుండు పడిందట. పెద్దది కాకముందే తీసేస్తారు. మానేదాకా పొట్ట పక్కన చిన్న సంచి పెడతారు. భయమేం లేదు."

"అంతసేపు చెప్పాడే, నువ్వింతలోనే తేల్చేశావేంటమ్మాయ్?"

"వీళ్ళ ఇంగ్లీషు అంతేనండీ, సాగదీస్తారు."

రత్నకుమారి గారు నవ్వి సంతకం పెట్టింది. దాని కింద, డాక్టరు చెప్పిందంతా రోగికి ఆమె భాషలో ఉన్నదున్నట్టు చెప్పానన్న చోట, శ్యామసుందరి కూడా సంతకం చేసింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆవిడ లేచి కూర్చున్నాక, సంచి మార్చుకోవడం నేర్పించడానికి వేరే నర్సు వచ్చింది. ఈసారి ఫోన్లో దుబాసీ దొరికాడు. అన్నీ ఓపిగ్గా విని రత్నకుమారి గారు ఒకే ప్రశ్న వేసింది. "ఇది ఎన్నాళ్ళకి తీసేస్తారు బాబూ?" దుబాసీ నర్సుని అడిగాడు, వచ్చిన జవాబు వచ్చినట్టే చెప్పాడు. "తీయరండీ. క్యాన్సర్ కాబట్టి ఆ భాగమంతా తీసేశారట. ఇంక ఎప్పటికీ ఇంతేనట."

ఆవిడ పొట్ట పక్కనున్న సంచిని ఒకసారి తడిమి చూసుకుంది. తర్వాత, "ఆ అమ్మాయి నాకిలా చెప్పలేదే" అంది. దుబాసీ ఆ మాట కూడా ఇంగ్లీషులో చెప్పేశాడు.

అక్కణ్ణుంచి విచారణ మొదలైంది. సర్జన్ తప్పు సర్జన్‌ది, ఆసుపత్రి బాధ్యత ఆసుపత్రిది, వాటి సంగతి వేరే చూస్తామన్నారు. శ్యామసుందరిని వార్డు నుంచి పక్కన పెట్టారు, నర్సింగ్ బోర్డుకి ఫిర్యాదు వెళ్ళింది. రిజిస్ట్రేషన్ పోతే ఈ దేశంలో ఎక్కడా నర్సుగా పనిచేసే వీల్లేదు. ఆవిడకి ఇంకో పని రాదు, చేయాలనీ లేదు. మరి శ్రీకర్? "చెప్పొద్దన్నాను గానీ, అబద్ధం చెప్పమన్నానా?" అన్నాడట. ఏం మనుషులండీ! కానీ శ్యామసుందరి అతన్ని పల్లెత్తు మాట అనలేదు. అతను బతిమాలాడు, అంతే. నోరు తనది, సంతకం తనది.

యూనియన్ తరపు లాయరు ఒక దారి చూపించింది. "మీ సంస్కృతిలో పెద్దవాళ్ళకి ఇలాంటివి చెప్పరని, చెబితే ఆవిడ తట్టుకోలేదని మనస్ఫూర్తిగా నమ్మానని రాద్దాం. బోర్డు కొంచెం మెత్తబడొచ్చు." శ్యామసుందరి ఆ వాక్యాన్ని పట్టుకుని వేలాడింది. అందులో అబద్ధం కూడా లేదనుకుంది.

ఈలోగా ఆసుపత్రివాళ్ళు రత్నకుమారి గారిని, శ్రీకర్‌ని పిలిపించి, జరిగింది జరిగినట్టు చెప్పి క్షమాపణ కోరడానికి సమావేశం పెట్టారు. శ్యామసుందరి అక్కడ తెలుగులో మాట్లాడకూడదన్నారు. ఆవిడ ఇంగ్లీషులో చెప్పాలి, దుబాసీ తెలుగు చేయాలి. కృష్ణా జిల్లా ఆడవాళ్ళిద్దరు ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో టేబుల్ మీద ఫోను పెట్టుకున్నారు. శ్యామసుందరి క్షమించమని అడిగింది. ఆపైన ఆ వాక్యం కూడా అంది, మీరు తట్టుకోలేరనుకున్నానని.

రత్నకుమారి గారు ఫోనుకేసి చూడలేదు. సూటిగా శ్యామసుందరినే చూసింది.

"తట్టుకోలేనా? మా ఆయనకి లివర్ క్యాన్సరని డాక్టరు నాకే చెప్పాడమ్మాయ్. నువ్వన్నట్టే, ఆయనకి చెప్పొద్దన్నారు అందరూ. నేనే చెప్పాను, మంచం పక్కన కూర్చుని. 'మంచి పని చేశావు రత్నా' అన్నాడు. అప్పుడు వీడింకా చదువుకుంటున్నాడు, పరీక్షలని వీడికే చెప్పలేదు. ఆయనకి చెప్పడానికి నేనున్నాను. నాకు చెప్పడానికి ఒక్కరూ లేకపోయారా? తెలిసినా సంతకం పెట్టేదాన్నే. కోసేది నా ఒళ్ళు కదా, ఒక్కసారి నన్నడిగితే ఏం పోయింది?"

శ్రీకర్ తల దించుకున్నాడు. దుబాసీ ఆ మాటలన్నీ ఒక్కటీ వదలకుండా ఇంగ్లీషులో చెప్పుకొచ్చాడు. ఒకసారి విన్నదే మళ్ళీ వింటూ శ్యామసుందరి అందరి ముందూ ఏడ్చేసింది.

బయటికి రాగానే లాయరుతో, "ఆ వాక్యం కొట్టేయండి" అంది.

"అది తీసేస్తే మనకి మిగిలేదేమీ లేదు, ఆలోచించుకోండి."

"ఆవిణ్ణి నేను అడగలేదు. అదే రాయండి."

బోర్డు ఆవిడ రిజిస్ట్రేషన్ తీసేయలేదు. మందలించి, కొంతకాలం ఇంకొకరి పర్యవేక్షణలో పనిచేయమంది. ఆవిడ వార్డులో పాత పనే చేస్తోంది. రత్నకుమారి గారు చెకప్‌కి వస్తూనే ఉంటుంది, ఎదురుపడితే "బాగున్నావా అమ్మాయ్" అని పలకరిస్తుంది కూడా. కానీ వచ్చే ముందు ప్రతిసారీ ఫోన్ చేసి దుబాసీని ఏర్పాటు చేయమంటుందట, తెలుగు నర్సు ఎవరైనా ఉంటే ఆ గదిలోకి పంపొద్దంటుందట.