షెడ్డు నేల, మూసిన సందు

ఈ మధ్యాహ్నం మూడింటికి మా కారు షెడ్డులో కొత్తగా పరిచిన నేల నడిమధ్యన బెత్తెడు ఎత్తు లేచింది. మా ఆవిడకు ఈమధ్యే మోకాలి ఆపరేషన్ అయింది. నున్నటి కడప బండల మీద ఆమె జారకుండా కారు దాకా నడవాలని, ఒకదానిలో ఒకటి బిగిసే ప్లాస్టిక్ టైల్స్ ఎంచి వేయించాను. ఎండకు అవి సాగుతాయి కాబట్టి గోడల వెంట వేలెడు సందు వదలమని మేస్త్రీ ఓబులేసుకు రెండుసార్లు చెప్పాను. నిన్న వదిలాడు కూడా. ఈ ఉదయం నేను పత్రికాఫీసుకు వెళ్లాక దాన్ని సిమెంటుతో మూసేశాడు.

ఇంటికొచ్చి చూసి, ఫోన్ చేసి ఎందుకు మూశావని అడిగాను.

“సందుంటే తేళ్లు దూరతాయి సార్. అమ్మకు కాలు బాగలేదు, తేలొస్తే యాడికి పరిగెత్తుతాది?”

“ఎండకు సాగుతాదని చెప్తి కదప్పా.”

“ఇన్నేండ్లు బండలు పరిచినా సార్, ఒక్కటీ సాగలా.”

“ఇవి బండలు కాదప్పా.”

మా ఆవిడ కుర్చీలోంచే మేస్త్రీ పక్షం చేరింది. “ఆయప్ప చెప్పేది నిజమే. నన్ను తేలు కుడితే మీ పేపర్లో రాసుకుంటారా?”

పోయిన నెల ఆ షెడ్డులోనే తేలును చంపింది నేనే.

రేపు పదింటికి ఆమెను డాక్టరుకు చూపించాలి. ఉలి, సుత్తి తీసుకుని ఓబులేసు ఏడింటికి వస్తానన్నాడు. సందు వదిలి, తేలును మాత్రం రానివ్వని ఉపాయం ఎవరికైనా తెలిస్తే ఆలోపే చెప్పండి. లేదంటే అతను మళ్లీ సిమెంటు కలుపుతాడు.